అప్పు దాచితే మిత్తి, బయట పెడితే లెక్క

మా తాత జీతం ఉన్నడు. ఇవాళ జీతం అంటే నెల మొదట్ల బ్యాంకుల పడే పైసలు అనుకుంటం. తెలంగాణ పల్లెల్లో ఆ మాటకు వేరే అర్థం ఉండేది. దొర ఇంట్ల పశువుల కాడ, మోట కాడ, ఏడాదికి ఇన్ని గింజలని కట్టుబడి చేసే చాకిరీయే జీతం. తాత తన పెళ్లికి దొర దగ్గర తెచ్చిన అప్పు ఎంతో మా ఇంట్ల ఎవరికీ తెలియదు. తాతకు కూడా తెలియదు. తెలిసింది ఒక్కటే. ఆ అప్పు కింద పన్నెండేండ్లు చేసిండు. ఆయన మంచాన పడ్డ ఏడాది మా పెదనాయన అదే కొట్టంలకు పోయిండు. లెక్క దొర పుస్తకంల ఉంది. పుస్తకం దొర ఇంట్ల ఉంది. ఆ ఇంటి గడప మాకు దాటరానిది. ఇగ ఆ అప్పు ఎన్నడు తీరాలె?

1936లో నిజాం సర్కారు భగేలా పద్ధతి మీద ఒక నిబంధన తెచ్చింది. అది కాగితం మీదనే ఉండిపోయింది. 1975 అక్టోబరులో కేంద్రం ఆర్డినెన్సు తెచ్చి, 1976లో దాన్ని వెట్టి కార్మిక పద్ధతి రద్దు చట్టంగా చేసింది. మనిషిని వెట్టికి కట్టేసిన అప్పు ఏదైనా సరే, రద్దయినట్టే అని ఆ చట్టం తేల్చింది. ఆ మాట మా వాడ దాకా నడిచి రావడానికి మాత్రం ఇంకా ఎన్నో ఏండ్లు పట్టింది. చట్టం వచ్చినా, లెక్క తన చేతిలో లేనోడికి విడుదల లేదు.

ఇప్పుడు మనవడి సంగతి చెప్పుకుందాం.

మొన్న మా వాడ తమ్ముడొకడు ఇంటికొచ్చిండు. డిగ్రీ చదివిండు. ఇరవై ఆరేండ్లు. హైదరాబాదులో బండి మీద ఇంటింటికీ అన్నం పొట్లాలు అందించే పని. ‘అన్నా, ఓ పదివేలు సర్దుతవా? నెల తిరిగేసరికి ఇస్త’ అన్నడు. ఎందుకురా అంటే తల దించుకున్నడు.

‘అప్పులు ఎన్ని ఉన్నయ్?’

‘ఉన్నయన్నా, కొన్ని.’

‘కొన్ని అంటే ఎంత?’

‘లక్ష దాకా ఉంటయేమో.’

డిగ్రీ చదివినోడికి తన అప్పెంతో తెలియదు. తాతకు తెలియలేదంటే పుస్తకం దొర ఇంట్ల ఉండె. వీడి పుస్తకం వీడి జేబులనే, సెల్లులనే ఉంది. తెరవడానికి భయం. కొత్త నంబరు నుంచి ఫోనొస్తే ఎత్తడు. ఊరికొస్తే బండి ఇంటి ముందర పెట్టడు, వెనకాల పెడతడు. అమ్మకు చెప్పడు, దోస్తుకు చెప్పడు. మన పిల్లల అప్పుకు ఇవాళ కావలి కాస్తున్నది వాళ్ల సిగ్గే. కూలి లేకుండా కాస్తున్నది.

వడ్డీకిచ్చేటోళ్లకు ఈ సంగతి మనకన్నా బాగా తెలుసు. అనుమతి లేని అప్పుల యాప్‌లు ఏం చేసినయో చూడండి. పైసలు ఇచ్చే ముందే సెల్లులో ఉన్న నంబర్లన్నీ గుంజుకున్నయి. కిస్తీ ఒక రోజు దాటగానే మేనమామకు, కాలేజీ దోస్తుకు, పనిచేసే చోట మేస్త్రీకి ‘ఇతను దొంగ’ అని మెసేజీలు పంపినయి. ఆడపిల్లల ఫొటోలు మార్చి పంపినయి. ఈ వేధింపులకు ప్రాణాలు తీసుకున్నవాళ్లు ఉన్నారు. 2020 డిసెంబరులో హైదరాబాదు పోలీసులు ఇట్లాంటి కాల్ సెంటర్ల మీద దాడులు చేసి అరెస్టులు చేశారు. ఆ వ్యాపారం అంతా నడిచింది దేని మీద? పరువు పోతుందన్న భయం మీద. ఊరి మనుషులు మన పరువును తొక్కి తొక్కి, ఇన్నేండ్ల పోరాటంతో మనం నిలబెట్టుకున్న కాసింత పరువునే వాళ్లు తాకట్టు పెట్టించుకున్నరు.

ఈ విషయంలో మన పిల్లలకు రెండు రకాల సలహాలు దొరుకుతున్నయి. రెండూ పనికిరావు.

ఒకటి ఊరి పెద్దమనుషుల సలహా. ‘మీవాళ్లకు ఆశలు ఎక్కువైనయి. బండి ఎందుకు? అంత సెల్లు ఎందుకు?’ ఎందుకంటే, ఆ బండి లేకపోతే వాడికి పని లేదు. ఆ సెల్లు లేకపోతే ఆ రోజు కూలి లేదు. పైగా ఈ వీధిలో వాడి తాత చెప్పులు చేతబట్టుకుని నడిచిండు. మనవడు బండి మీద పోతే కండ్లు మండేటోళ్ల దగ్గర మనం పొదుపు పాఠం నేర్చుకోనక్కర లేదు. భూమి ఉన్నోడికి పట్టా పాసు పుస్తకం చూపితే బ్యాంకు తక్కువ వడ్డీకి పంట అప్పు ఇస్తది. భూమి లేనోడు అదే ఊళ్లో నూటికి మూడుకు, ఐదుకు తెచ్చుకుంటడు. ముందు ఆ తేడా గురించి మాట్లాడండి, తర్వాత మా ఆశల గురించి మాట్లాడుదురు గానీ.

రెండోది మనలోనే కొందరు ఉత్సాహవంతుల సలహా. ‘వడ్డీ అంటేనే దోపిడీ, ఎవడికీ కట్టకండి.’ సభలో చప్పట్లు పడతయి. తెల్లారి ఫైనాన్సు మనిషి వచ్చేది సభలో మాట్లాడినోడి ఇంటికి కాదు. ప్రోనోటు మీద సంతకం చేసినోడు, చెక్కు ఇచ్చినోడు కోర్టు మెట్లెక్కుతడు. చట్టప్రకారం ఉన్న అప్పు కట్టాలె. చట్టం లేని అప్పును ఎదిరించాలె. ఏది ఏదో తెలియాలంటే అన్నీ ఒక్క కాగితం మీదికి రావాలె.

ఆ రాత్రి మేము చేసింది అదే. నోటుబుక్కు పేజీ మీద నాలుగు గీతలు కొట్టినం. ఎవరికి, అసలు ఎంత, నెలకు నూటికి ఎంత, నెలకు కట్టేది ఎంత. వాడు సెల్లు తెరిచి ఒక్కొక్కటే చదివిండు, నేను రాసిన.

నాయిన ఆపరేషనుకు ఊళ్లో ప్రోనోటు మీద తెచ్చినవి 60,000. నూటికి మూడు. నెలకు మిత్తి 1,800. బండి ఫైనాన్సు ఇంకా 52,000 ఉంది, ఏడాదికి నూటికి 20, కిస్తీ 3,400. బస్తీలో రోజు ఫైనాన్సు పాతది తీరకముందే తిరగరాయించుకున్నడు, 20,000 కట్టాలె, రోజుకు 200. రెండు యాప్‌లకు కలిపి 12,000 అంటున్నరు. అంతా కూడితే 1,44,000. లక్ష అన్నోడు కాగితం వైపు చూసుకుంట కూసున్నడు.

తర్వాత అన్ని వడ్డీలను ఒకే కొలతకు తెచ్చినం. ఇది ముఖ్యం. ఒకడు ఏడాది వడ్డీ చెప్తడు, ఒకడు నెల వడ్డీ, ఒకడు రోజు కట్టు, ఒకడు వడ్డీయే లేదు ఖర్చులు మాత్రమే అంటడు. మన ఊరి కొలత అందరికీ తెలిసిందే, నెలకు నూటికి ఎంత. నూటికి రెండంటే ఏడాదికి 24. మూడంటే 36. ఐదంటే 60. బండి ఫైనాన్సు ఈ లెక్కన నెలకు రూపాయి ముప్పావు కూడా కాదు.

మరి రోజు ఫైనాన్సు? పదివేలని రాయించుకుని 1,500 ముందే కోసుకుంటరు. చేతికి 8,500 ఇస్తరు. రోజుకు వంద చొప్పున నూరు రోజులు కట్టాలె. చూడడానికి 1,500 పోయినట్టే ఉంటది. కానీ మొదటి రోజు నుంచే అసలు తిరిగి కడుతున్నం. నూరు రోజులూ ఆ 8,500 మన చేతిలో ఉండదు. సరిగ్గా కడితే అది నెలకు నూటికి పది! యాప్ సంగతి ఇంకా ఘోరం. 5,000 అప్పని చెప్పి 3,500 వేసిండ్రు. ఏడు రోజుల్లో 5,000 కట్టమన్నరు. అంటే వారానికే నూటికి 43. 2015 డిసెంబరులో విజయవాడలో కాల్ మనీ పేరుతో బయటపడ్డ దందా చూసి లోకం ముక్కు మీద వేలేసుకుంది. అదే దందా సెల్లులో దూరి కూసున్నది.

ఇప్పుడు రాబడి. పెట్రోలు పోను నెలకు 18,000. గదికి, తిండికి 7,500. ఇంటికి పంపేది 2,000. బండి కిస్తీ 3,400. ఊరి మిత్తి 1,800. ఇవి 14,700. మిగిలేది 3,300. రోజు ఫైనాన్సుకు నెలకు 6,000 కావాలె. 2,700 తక్కువ. ఆ 2,700 కోసమే నెలనెలా ఒక యాప్, ఆ యాప్ తీర్చడానికి ఇంకో యాప్. వాడు తాగుబోతు కాదు, జూదగాడు కాదు. లెక్కలోనే గుంత ఉంది. ఏడాది నుంచి ఆ గుంతల పడుకుంట లేచుకుంట, తప్పు తనదే అనుకున్నడు.

దారి కూడా ఆ కాగితం మీదనే కనబడింది. అన్నిటికన్నా పెద్ద అప్పు ఊరిది. కానీ అన్నిటికన్నా విషం ఎక్కువ ఉన్నవి యాప్‌లు, రోజు ఫైనాన్సు. ఇంట్ల నాలుగు పాములు దూరితే పెద్దదాన్ని కాదు, ముందు విషప్పామును కొట్టాలె. మిగతావాటికి కట్టాల్సిన కిస్తీ, మిత్తి తప్పకుండా కడుతూ, చేతిలో మిగిలిన ప్రతి రూపాయీ ఎక్కువ వడ్డీ అప్పు మీద వెయ్యాలె. అది తీరగానే ఆ పైసలే దాని తర్వాతి దాని మీదికి మళ్లించాలె. అప్పు తీర్చే శాస్త్రం మొత్తం ఇంతే.

యాప్‌లు రెండూ అనుమతి లేనివని తేలింది. అప్పటికే చేతికొచ్చిన దానికన్నా ఎక్కువ కట్టిండు. 1930 నంబరుకు ఫోను చేసి సైబర్ నేరం కింద ఫిర్యాదు రాయించినం. సెల్లులో ఉన్నవాళ్లందరికీ వాడే ముందుగా ఒక మాట పంపిండు: ‘నా పేరు మీద అప్పుల యాప్‌వాళ్లు తప్పుడు మెసేజీలు పంపితే నమ్మకండి, పోలీసులకు ఫిర్యాదు చేసిన.’ ఆ ఒక్క మాటతో వాళ్ల చేతిలో ఉన్న కత్తి మొద్దుబారింది. నలుగురికీ ముందే చెప్పినోడిని నలుగురిలో ఏమని బెదిరిస్తరు?

రోజు ఫైనాన్సుకు అమ్మతో మాట్లాడాల్సి వచ్చింది. వాడు వద్దన్నడు. అయినా పోయినం. ఆమె కొంచెంసేపు ఏడ్చింది. తర్వాత ‘నాకెందుకు చెప్పలేదు బిడ్డా’ అన్నది. ఆమె పొదుపు సంఘంలో రూపాయి మిత్తికి తీసుకోవచ్చు. మొత్తం ఒక్కసారే కడతామని ఫైనాన్సు మనిషితో మాట్లాడితే 20,000 బాకీ 18,000కు తెగింది. ఆ 18,000 సంఘంలో తీసుకున్నరు. నెలకు 2,000 చొప్పున పది కిస్తీలు. మొత్తం మిత్తి వెయ్యి రూపాయలు దాటదు. సంఘంలో ఒకరు తప్పితే పదిమంది నెత్తిన పడుతది కాబట్టి, ఇది కొడుకు అప్పని సంఘం ముందరే చెప్పి, మీటింగు తారీఖుకు ముందే పైసలు పంపాలని వాడితో రాయించుకున్నం.

3,300లో సంఘానికి 2,000 పోతే మిగిలేది 1,300. అందులో 500 పక్కకు పెట్టాలె, ఎవరికీ ఇవ్వొద్దు. లేకపోతే వచ్చే జ్వరానికి మళ్లీ యాప్ తలుపు కొట్టాల్సి వస్తది. మిగిలిన 800 కూడబెట్టి ఊరి ప్రోనోటు అసలుకు కట్టాలె. పది నెలలకు సంఘం అప్పు, ఏడాదిన్నరకు బండి అప్పు తీరుతయి. ఆ కిస్తీలు కూడా ప్రోనోటు మీద పడితే అటూ ఇటూగా రెండేండ్లకు వాడు ఎవరికీ బాకీ ఉండడు. రెండేండ్లు ఎక్కువే. తాత పన్నెండేండ్లతో పోలిస్తే తక్కువే.

కాగితాల గురించి కొన్ని మాటలు చెప్పాలె. మనవాళ్లు ఎక్కువ మోసపోయేది ఇక్కడే. ఖాళీ ప్రోనోటు మీద, ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టొద్దు. చెక్కు చెల్లకపోతే అది క్రిమినల్ కేసు అవుతది. మామూలుగా అప్పు కట్టలేకపోవడం నేరం కాదు, సివిల్ తగాదా. దానికోసం పోలీసు స్టేషనుకు పిలిచి వసూలు చేసే అధికారం ఎవరికీ లేదు. ప్రోనోటుకు మూడేండ్ల గడువు. అందుకే గడువు దగ్గరపడంగనే తిరగరాయించుకుంటరు. అప్పుడు మిత్తిని అసలులో కలిపి పెద్ద అంకె వేస్తరు, చూసి సంతకం చెయ్యండి. కట్టిన ప్రతి పైసా నోటు వెనక చెల్లు రాయించండి. తీరిన రోజు నోటు వాపసు తెచ్చుకోండి. బండి అప్పు తీరితే బాకీ లేదన్న పత్రం అడగండి. దోస్తు అడిగిండని జమానతు సంతకం పెట్టొద్దు. వాడు కట్టకపోతే మొత్తం నువ్వే కట్టాలె, సగం కాదు.

వసూలుకు వచ్చేటోళ్లకూ హద్దులున్నయి. రిజర్వు బ్యాంకు 2022లో పెట్టిన నిబంధనల ప్రకారం మైక్రోఫైనాన్సు వాళ్లు పొద్దున 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత వసూలుకు ఫోను చెయ్యకూడదు. బెదిరించకూడదు. చుట్టాలను, దోస్తులను వేధించకూడదు. ఇంటి నెల రాబడిలో సగానికి మించి కిస్తీలు పడేటట్టు అప్పు ఇవ్వకూడదు. ఇతర బ్యాంకు, ఫైనాన్సు అప్పులకు పొద్దున 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్లు ఉండకూడదు. అదే ఏడాది యాప్ అప్పులకూ నియమాలు పెట్టి, 2025లో వాటిని సవరించింది. పైసలు నేరుగా నీ ఖాతాలోనే పడాలె, మొత్తం ఖర్చు ముందే కాగితం మీద చూపించాలె, సెల్లులోని నంబర్లు, ఫొటోలు ముట్టకూడదు. ఆలస్యానికి జరిమానా వేస్తే ఆ జరిమానా మీద మళ్లీ వడ్డీ వెయ్యకూడదని 2024 ఏప్రిల్ నుంచి నియమం అమలులో ఉంది. కండబలంతో బండ్లు గుంజుకుపోవడాన్ని 2007లోనే సుప్రీంకోర్టు తప్పు పట్టింది.

ఒక సంగతి దాచకుండా చెప్పుకోవాలె. మైక్రోఫైనాన్సు వేధింపులకు ఆత్మహత్యలు జరిగినంక 2010 అక్టోబరులో మన రాష్ట్రంలో ఆర్డినెన్సు వచ్చింది, తర్వాత చట్టమైంది. రిజర్వు బ్యాంకు దగ్గర నమోదైన కంపెనీలకు ఆ చట్టం వర్తించదని 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు చెప్పింది. ఆ కంపెనీలు మళ్లీ మన వాడలకు వచ్చినయి. ఇంటి ముందర కూసుంటే పాత చట్టం పేరు చెప్పి ఆగొద్దు. పైన చెప్పిన రిజర్వు బ్యాంకు నియమాలు చూపించండి. ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయండి. ఫీజు లేదు, అడిగి తెలుసుకోవడానికి 14448 నంబరు ఉంది. కులం పేరు ఎత్తి పదిమందిలో తిడితే 1989 అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. అప్పున్నోడికి ఆ చట్టం వర్తించదని ఎక్కడా రాసిలేదు. 1987 చట్టం ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు రాబడితో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం హక్కు. 15100కు ఫోను చెయ్యండి.

ఇగ మన తప్పులు మనం మాట్లాడుకోకపోతే ఈ రాతకు విలువ లేదు. లక్ష అప్పు చేసి పెండ్లి. ఏడాది నిండిన బిడ్డకు డీజే, ఫ్లెక్సీలు. ఇవి దొర ముందర మనమూ మనుషులమే అని చూపించాలన్న కసిలోంచి వచ్చినయి, నాకు తెలుసు. కానీ ఆ కసికి నూటికి ఐదు మిత్తి కడుతున్నం. సెల్లులో పైసలు పెట్టి ఆడే ఆటలను 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్, 2025లో కేంద్రం నిషేధించినా దొంగదారిలో పందాలు కాస్తున్న పిల్లలు మన వాడల్లో ఉన్నరు. అప్పు తీర్చడానికి పందెం కాసినోడు ఒక్కడూ బాగుపడలేదు.

అన్ని అప్పులూ ఒకటి కాదు. 1920లో అంబేద్కర్ ఆగిపోయిన చదువు పూర్తి చెయ్యడానికి మళ్లీ లండన్ పోయినప్పుడు, కాలేజీలో పాఠాలు చెప్పి దాచుకున్న పైసలు చాలక మిత్రుడు నావల్ భతేనా దగ్గర అప్పు తెచ్చుకున్నడు. ఆ చదువులోంచే 1923లో రూపాయి సమస్య మీద ఆయన పుస్తకం వచ్చింది. అప్పు చేసే ముందు ఒకటే ప్రశ్న అడుక్కోవాలె: ఇది తీరేసరికి నా చేతిలో ఏం మిగులుతది? చదువా, పనిముట్టా, రెండు గుంటల భూమా? లేక ఫ్లెక్సీ గుడ్డా?

సంఘాల్లో పనిచేసే అన్నలకు, అక్కలకు నాదొక్క మనవి. భూమి కోసం, కూలి కోసం మీటింగులు పెడుతున్నం. నెలకు ఒక సాయంత్రం అప్పుల లెక్క కోసం పెట్టండి. అంబేద్కర్ భవనంల చాప వెయ్యండి. లెక్క వచ్చిన పిల్లలు ఇద్దరు కూసోండి. వచ్చినోడిని ‘ఎందుకు చేసినవ్’ అని అడగొద్దు, ‘ఎవరికి ఎంత’ అని అడగండి. ఇంట్ల విషయం బయటికి పోనియ్యొద్దు. అప్పు ఒక్కటే అయితే కాగితం మీద దారి దొరుకుతది. ప్రాణం మీదికి ఆలోచన పోయిన పిల్ల గానీ పిల్లగాడు గానీ కనబడితే ఒంటరిగా వదలొద్దు, మనసు బాగలేని వాళ్ల కోసం 14416 నంబరు ఉంది, మాట్లాడించండి. ఏ అప్పుకూ ప్రాణం జమానతు కాదు.

తమ్ముళ్లారా, చెల్లెండ్లారా! తాతకు పుస్తకం చూసే వీలు లేకుండె. మీకు ఉంది. ఈ రాత్రే సెల్లు తెరవండి, ఒక కాగితం తీసి నాలుగు గీతలు కొట్టండి. అంకె చూసి భయపడితే పడండి, కానీ రాయండి. రాసినంక ఆ కాగితం ఇంకొక మనిషికి చూపించండి, అమ్మకో అన్నకో సంఘంలో నమ్మకమైన వాళ్లకో.

జై భీమ్!